కూర్చుని చూస్తే ఎలా ఉంది? ధ్యానం కోసం తీసుకున్న ఇత్తడి బుద్ధ విగ్రహం మీద వివరమైన రివ్యూ

ధ్యానానికి కూర్చునే చోట పెట్టుకోవడానికి ఆన్‌లైన్‌లో ఒక ఇత్తడి బుద్ధ విగ్రహం తీసుకున్నాను. భూమిస్పర్శ ముద్ర (కుడి చేత్తో నేలని తాకే భంగిమ), కింద రెండు వరసల తామర రేకుల పీఠం, పీఠంతో కలిపి పది అంగుళాల ఎత్తు, బరువు నాలుగు కిలోలకు కాస్త అటూ ఇటూ. మైనపు పోత పద్ధతిలో చేసింది, పైన పాతకాలపు లోహంలా కనిపించేలా ముదురు ఫినిషింగ్ ఇచ్చారు. కొన్ని నెలలుగా రోజూ దాని ఎదురుగా కూర్చుంటున్నాను కాబట్టి పార్సిల్ విప్పిన ఉత్సాహంలో రాస్తున్న రివ్యూ కాదిది. ముందే చెప్పేస్తాను: ముఖం చాలా బాగుంది, కుడి చెయ్యి బాగుంది, ఎడమ అరచెయ్యి మొక్కుబడిగా చేశారు, ముదురు రంగు కాస్త ఎక్కువైంది, పీఠం అడుగు భాగం మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాల్సింది. ఇన్ని చెప్పినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడవుగానే రాయాలి.

బుద్ధ విగ్రహాల కింద జనం రాసే రివ్యూలు చదివితే ఎక్కువగా కనిపించేవి "ఫొటోలో ఉన్నట్టే ఉంది", "షోకేస్‌లో అందంగా ఉంది", "గిఫ్ట్ ఇవ్వడానికి బాగుంటుంది" లాంటి మాటలు. అలంకారం కోసం కొనేవాళ్లకి అవి సరిపోతాయి. ధ్యానం కోసం కొనేవాళ్ల అవసరం పూర్తిగా వేరు. మనం ఆ విగ్రహాన్ని నేల మీద కూర్చుని, నాలుగైదు అడుగుల దూరం నుంచి, తెల్లవారుజామునో రాత్రి పడుకునే ముందో తక్కువ వెలుతురులో, ప్రతి రోజూ అదే కోణంలో చూస్తాం. అమ్మే పేజీలోని ఫొటోలు చూస్తే స్టూడియో లైట్ల కింద, ముఖానికి సరిసమానమైన ఎత్తులో కెమెరా పెట్టి తీసి ఉంటాయి. ఈ రెండు చూపులకీ ఎంత తేడా ఉంటుందంటే, ఫొటోలో అద్భుతం అనిపించిన విగ్రహం ఎదురుగా కూర్చుంటే గడ్డం, ముక్కు రంధ్రాలు తప్ప ఇంకేమీ కనిపించకపోవచ్చు. కాబట్టి నేను చెప్పే మంచి చెడులన్నీ ఆ కూర్చున్న చోటి నుంచి చూసి చెబుతున్నవే.

ముఖంతో మొదలుపెడతాను. ధ్యానానికి ఉంచుకునే విగ్రహంలో ముఖమే ముప్పాతిక వంతు. అది కుదరకపోతే మిగతా పనితనం ఎంత గొప్పగా ఉన్నా కొన్ని వారాల్లో మన చూపు దాని మీద నిలవడం మానేస్తుంది. ముఖంలో మళ్లీ కళ్లు. బుద్ధుడి కళ్లు సగం మూసి, చూపు కిందికి వాలి ఉంటుంది. పై రెప్ప నిండుగా దిగి, కింది రెప్ప దాదాపు తిన్నగా ఉండి, రెండింటి మధ్య సన్నటి సందు మాత్రమే మిగులుతుంది. నా విగ్రహంలో ఇది చక్కగా వచ్చింది. నిలబడి చూస్తే కళ్లు పూర్తిగా మూసుకున్నట్టే ఉంటాయి. ఎదురుగా నేల మీద కూర్చుని కళ్లు కొంచెం పైకెత్తితే ఆ సందు తెరుచుకుని చూపు నేరుగా మన మీదకి దిగుతుంది. మొదటిసారి ఇది గమనించినప్పుడు కాసేపు అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు. చెక్కిన మనిషి ఎవరో గానీ, ఈ విగ్రహాన్ని చూసేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో తెలిసే చెక్కారు.

చవక పోతల్లో దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. మైనపు పోతలో ముందు మైనంతో బొమ్మ చేస్తారు, దాని మీద మట్టి పూతలు వేసి ఆరబెట్టి వేడి చేస్తే మైనం కరిగి బయటికి పోతుంది, లోపల మిగిలిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు, చల్లారాక మట్టి పగలగొట్టి బొమ్మను తీస్తారు. అలా తీసిన బొమ్మ గరుకుగా ఉంటుంది. ఆకురాయితో, సన్నటి ఉలితో గంటల తరబడి తీర్చిదిద్దితేనే రెప్పలు రెప్పల్లా, పెదవులు పెదవుల్లా వస్తాయి. ఆ పని తొందరగా కానిచ్చేస్తే కంటి గీత లోతుగా పడిపోయి కళ్లు గుచ్చి చూస్తున్నట్టు తయారవుతాయి, పెదవుల చివర్లు పైకి లాగితే ప్రశాంతతకి బదులు ఏదో గెలిచిన నవ్వు కనిపిస్తుంది. నేను చూసి వద్దనుకున్న చాలా విగ్రహాల్లో శరీరం, వస్త్రం, పీఠం అన్నీ బాగున్నాయి, ముఖం దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయినట్టుంది. పక్క నుంచి కూడా చూడండి. ముక్కు కొన, పెదవి, గడ్డం ఒక మెత్తటి గీతలో కలవాలి. ముందు నుంచి బాగా కనిపించి పక్క నుంచి బల్లపరుపుగా ఉంటే దీపం పక్కన పెట్టినప్పుడు నీడలు వికారంగా పడతాయి.

ఈ వాలిన చూపు మొదటి నుంచీ లేదు, అది తెలిస్తే విగ్రహం ఎంచుకోవడం సులువవుతుంది. బుద్ధుడి నిర్యాణం తర్వాత కొన్ని వందల ఏళ్ల పాటు రాతి మీద ఆయన్ని మనిషి రూపంలో చూపించలేదు. భార్హుత్‌లో, సాంచిలో, అమరావతి తొలి శిల్పాల్లో ఆయన ఉండాల్సిన చోట ఖాళీ ఆసనం, పాదముద్రలు, ధర్మచక్రం, బోధివృక్షం, స్తూపం ఉంటాయి. క్రీ.శ. 1వ శతాబ్దం ప్రాంతంలో, కుషాణుల కాలానికి, గాంధారలోనూ (ఇప్పటి పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ ప్రాంతం) మథురలోనూ మనిషి రూపం స్థిరపడింది. గాంధార బుద్ధుడు బూడిద రంగు షిస్టు రాయిలో, అలలు తిరిగిన జుట్టుతో, గ్రీకు రోమన్ విగ్రహాల్లో లాంటి బరువైన వస్త్రపు మడతలతో ఉంటాడు. మథుర తొలి విగ్రహాలు ఎర్ర ఇసుకరాయివి. విశాలమైన ఛాతీ, బాగా తెరిచిన కళ్లు, ఎదుటివాళ్లని పలకరిస్తున్నట్టు నవ్వు. ఆ తర్వాత గుప్తుల కాలంలో, 5వ శతాబ్దంలో, సారనాథ్ శిల్పులు చునార్ ఇసుకరాయిలో చెక్కిన ధర్మచక్ర ముద్ర (రెండు చేతులూ ఛాతీ ముందు కలిసే భంగిమ) బుద్ధుడిని చూడండి: వస్త్రానికి మడతలే ఉండవు, ఒంటికి అంటుకున్నట్టు అంచు గీత మాత్రం కనిపిస్తుంది, చూపు పూర్తిగా లోపలికి తిరిగి ఉంటుంది. మనసులో మనం బుద్ధుడి ముఖం అని ఊహించుకునేది చాలావరకు ఆ ముఖమే అని నా నమ్మకం. అమరావతి శైలి బుద్ధుడిలో కుడి భుజం బయట ఉండి, వస్త్రం అడుగు అంచు లావుగా మడత తిరిగి ఉంటుంది. ఆ ధోరణి శ్రీలంకకీ, అక్కడి నుంచి ఆగ్నేయాసియాకీ పాకింది.

ఇదంతా రివ్యూలో ఎందుకంటే, అమ్మేవాళ్లు ఈ శైలుల్ని కలిపేసి ఒకే పేజీలో పెడతారు. గాంధార తరహా విగ్రహం నిలబడి చూడటానికి రాజసంగా ఉంటుంది, కానీ ఆ మడతలే కంటిని లాగేస్తాయి. మథుర తరహా తెరిచిన కళ్లు కొందరికి ధైర్యాన్నిస్తాయి, కళ్లు మూసుకుని శ్వాస మీద కూర్చునే నాలాంటివాళ్లకి అవి కాస్త ఎక్కువ. నేను కొన్నదానికి సారనాథ్ పోలిక ఉంది: వస్త్రం దాదాపు సాదా, ఎడమ భుజం మీద చిన్న మడత, ఛాతీ మీద ఒకే ఒక్క అంచు గీత. జుట్టు ఉంగరాలు కుడి వైపుకి తిరిగి ఉన్నాయి, అలాగే ఉండాలి. తల మీద ఉబ్బెత్తుగా ఉండే ఉష్ణీషం, కనుబొమ్మల మధ్య బొట్టులా ఉండే ఊర్ణ, రాకుమారుడిగా వేసుకున్న బరువైన కుండలాల వల్ల సాగిన చెవి తమ్మెలు, అన్నీ సరిగా ఉన్నాయి. ఊర్ణ చోట రంగురాయి పొదిగిన మోడల్ కూడా ఉంది, అది తీసుకోకండి. తక్కువ వెలుతురులో దీపం ఆ రాయి మీద మెరిసి కళ్ల మీద ఉండాల్సిన చూపంతా నుదుటి మీదకి పోతుంది.

ఎత్తు, దూరం. కొనేవాళ్లు అన్నిటికన్నా తక్కువ ఆలోచించేది దీని గురించే. కుషన్ మీద పద్మాసనంలో గానీ మామూలుగా మఠం వేసుకుని గానీ కూర్చుంటే పెద్దవాళ్ల కళ్లు నేలకి రెండున్నర, మూడు అడుగుల మధ్య వస్తాయి. విగ్రహం ముఖం దానికన్నా ఒక జానెడు పైన ఉంటే చాలు. నేను రెండున్నర అడుగుల బల్ల మీద పెట్టాను, పీఠం కలుపుకుని ముఖం సరిగ్గా ఆ ఎత్తుకి వచ్చింది, మెడ ఎత్తాల్సిన పని లేదు. గోడకి నాలుగైదు అడుగుల ఎత్తులో షెల్ఫ్ కొట్టి అక్కడ పెడితే నిలబడి దణ్ణం పెట్టుకోవడానికి బాగుంటుంది గానీ కూర్చున్నప్పుడు గడ్డమే కనిపిస్తుంది. నేల మీద పెట్టడం చాలా బౌద్ధ సంప్రదాయాల్లో అమర్యాద, ధ్యానానికి కూడా అది పనికిరాదు. చూపు కిందికి దిగితే మెడ వంగుతుంది, మెడ వంగితే నిద్ర ముంచుకొస్తుంది. కుర్చీలో కూర్చుని ధ్యానం చేసేవాళ్లు బల్లని ఒక అడుగు పెంచుకోవాలి. కొనే ముందు ఒక పని చేయండి: విగ్రహం కొలతలకి కాగితం కత్తిరించి, అనుకున్న చోట గోడకి అంటించి, రెండు మూడు రోజులు దాని ఎదురుగా కూర్చోండి. పది అంగుళాలు ఫోన్ తెర మీద ఎంత పెద్దగా కనిపించినా గదిలో ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది. మా చెల్లెలు ఆరంగుళాల విగ్రహం తీసుకుంది, తను గోడకి మూడడుగుల దూరంలోనే కూర్చుంటుంది కాబట్టి తనకి అది సరిపోయింది. నా దూరానికి ఆ ముఖంలో కళ్లు కనిపించవు.

ముద్ర విషయంలో నాకు మొదటి నుంచీ భూమిస్పర్శే కావాలి. బోధగయలో బోధివృక్షం కింద సిద్ధార్థుడు కూర్చున్న రాత్రి, ఆయన్ని ప్రలోభపెట్టి ధ్యానం చెడగొట్టాలని చూసిన మారుడు తన సేనలతో వచ్చి, ఈ ఆసనం నీదనడానికి సాక్షి ఎవరు అని అడిగితే, ఆయన మాటతో జవాబు చెప్పకుండా కుడి చెయ్యి చాచి నేలని తాకాడు. భూమే సాక్షి. ధ్యానంలో కూర్చున్న ఐదు నిమిషాలకే మనసు నూట ఎనిమిది చోట్లకి పరుగెడుతున్నప్పుడు ఆ చెయ్యి వైపు చూస్తే, కింద నేల ఉంది, కూర్చున్న శరీరం ఉంది అన్న స్పృహ వెనక్కి వస్తుంది. అందుకే ఆ చెయ్యి ఎలా చెక్కారన్నది నాకు ముఖం తర్వాత అంత ముఖ్యం. అరచెయ్యి లోపలి వైపుకి, అంటే మోకాలి వైపుకి తిరిగి ఉండాలి, వేళ్లు మోకాలు దాటి కిందికి దిగి ఆసనాన్ని తాకాలి. నా దాంట్లో మధ్య వేలు తామర పీఠం అంచుని నిజంగానే తాకుతుంది. చాలా మోడళ్లలో చెయ్యి మోకాలి మీదే ఆగిపోతుంది, అప్పుడు అది ఊరికే చెయ్యి వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది, ఆ ఘట్టమే పోయింది.

ఎడమ చెయ్యి మాత్రం నిరాశే. ఒడిలో పైకి తెరిచి ఉండే అరచెయ్యి ఇది. వేళ్ల మధ్య గీతలు సగంలో ఆగిపోయాయి, బొటనవేలు అరచేతిలో కలిసిపోయింది, మణికట్టు దగ్గర ఆకురాయి గీతలు అలాగే వదిలేశారు. చేతిలోకి తీసుకుని పైనుంచి చూస్తే బాధేస్తుంది. బల్ల మీద పెట్టి కూర్చుంటే అరచెయ్యి లోపలి భాగం కనిపించదు, వేళ్ల అంచు మాత్రమే కనిపిస్తుంది, అది బాగానే ఉంది. కాబట్టి నా వాడకంలో ఇది పెద్ద లోపం కాదు. అదే విగ్రహాన్ని తక్కువ ఎత్తు పీట మీద పెట్టుకునేవాళ్లకి మొదట కనిపించేది ఆ చెయ్యే.

మిగతా ముద్రల గురించి రెండు ముక్కలు. ధ్యాన ముద్రలో రెండు చేతులూ ఒడిలో, సాధారణంగా ఎడమ చేతి మీద కుడి చెయ్యి. మనం కూర్చునే తీరే కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అది చాలా సాయం చేస్తుంది, విగ్రహాన్ని చూస్తూ మన వెన్ను, భుజాలు సరిచేసుకోవచ్చు. అభయ ముద్రలో కుడి చెయ్యి పైకెత్తి అరచెయ్యి మన వైపుకి ఉంటుంది, భయం వద్దని. వరద ముద్రలో చెయ్యి కిందికి దిగి అరచెయ్యి బయటికి తెరుచుకుంటుంది. భూమిస్పర్శకీ దీనికీ తేడా అరచెయ్యి ఎటు తిరిగిందన్నదే, అమ్మకం పేజీల్లో ఈ రెండూ తరచూ తారుమారవుతాయి. ధర్మచక్ర ముద్రలో రెండు చేతులూ ఛాతీ ముందు కలుస్తాయి, సారనాథ్‌లో తొలి బోధకి గుర్తు. జావా ద్వీపంలోని బోరోబుదూర్ బౌద్ధ స్తూపంలో ఈ ముద్రలకి దిక్కులు కూడా కేటాయించారు: కింది వేదికల మీద తూర్పు ముఖంగా భూమిస్పర్శ, దక్షిణానికి వరద, పడమరకి ధ్యానం, ఉత్తరానికి అభయం.

పేర్ల గందరగోళం కూడా ఉంది. ఎడమ చేతిలో గిన్నె, కుడి చేతిలో కరక్కాయ కొమ్మ ఉంటే ఆయన భైషజ్యగురువు, అంటే వైద్య బుద్ధుడు, శాక్యముని (గౌతమ బుద్ధుడు) కాదు. ఛాతీ మధ్యలో శ్రీవత్సం గుర్తు ఉండి ఒంటి మీద వస్త్రం లేకపోతే అది జైన తీర్థంకరుడి విగ్రహం. దాన్ని బుద్ధుడి పేరుతో అమ్మడం నేను చూశాను, రెండు సంప్రదాయాలకీ అది అన్యాయం. పెద్ద పొట్టతో నవ్వుతూ ఉండే లాఫింగ్ బుద్ధా కూడా గౌతమ బుద్ధుడు కాదు, 10వ శతాబ్దపు చైనా భిక్షువు బుదాయి, ఆయన్ని రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి అవతారంగా భావిస్తారు. ఆయన్ని ఇంట్లో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, ఎవరిని పెట్టుకుంటున్నామో తెలిసి పెట్టుకుంటే మంచిది.

లోహం సంగతికి వస్తే, ఇత్తడి అంటే రాగి, జింకు కలిసింది. కంచు అంటే రాగి, తగరం కలిసింది. కంచు పోతలో సన్నటి వివరాలు బాగా వస్తాయి, రంగు కాలంతో పాటు లోతుగా మారుతుంది, అందుకే పెద్ద పెద్ద లోహ విగ్రహాల్లో చాలావరకు కంచువే. జపాన్‌లోని కామకురలో ఆరుబయట కూర్చున్న అమితాభ బుద్ధుడి విగ్రహం 13వ శతాబ్దపు కంచు పోత. ఇంటికి కావాల్సిన సైజులో మంచి పనితనం ఉన్న ఇత్తడి ఏమీ తక్కువ కాదు. పేజీలో రాసే "పంచలోహం" అన్న మాటని మాత్రం చూసి నమ్మకండి, ఏ లోహం ఎంత పాళ్లో అడగండి. చిన్న పరీక్షలు రెండున్నాయి. అయస్కాంతం పెట్టండి, ఇత్తడికి గానీ కంచుకి గానీ అది అంటుకోదు, అంటుకుంటే లోపల ఇనుము ఉంది. రెండోది బరువు. ఇత్తడి నీటికన్నా ఎనిమిదిన్నర రెట్ల దాకా బరువు, రాతిపొడి కలిపిన రెసిన్ అయితే సుమారు రెండు రెట్లే. పది అంగుళాల "ఇత్తడి" విగ్రహం కిలో లోపు అని రాసి ఉంటే అది చాలా పలచటి పోత, లేదా అసలు ఇత్తడే కాదు. నా దాని నాలుగు కిలోలు లోపల బోలుగా ఉన్న పోతకి మంచి మందమే, చెయ్యి తగిలితే జరగదు, చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అది పెద్ద నిశ్చింత.

రెసిన్‌ని తక్కువ చేయను. అచ్చులో పోస్తారు కాబట్టి ముఖం ప్రతిసారీ ఒకేలా వస్తుంది, మూల విగ్రహం బాగుంటే కాపీ కూడా బాగుంటుంది, బలం లేని షెల్ఫ్ మీద కూడా నిలుస్తుంది. కిటికీ ఎండ నేరుగా పడే చోట పెడితే కొన్నాళ్లకి పసుపెక్కుతుంది, అదొక్కటి చూసుకోవాలి. పాలరాయి తెల్లగా మనసుకి హాయిగా ఉంటుంది గానీ నూనె, పులుపు తగిలితే మచ్చ పోదు, అగరొత్తుల పొగకి మెల్లగా మసకబారుతుంది. కొయ్య విగ్రహం దీపపు వెలుతురులో అన్నిటికన్నా మృదువుగా ఉంటుంది, తేమ హెచ్చుతగ్గులున్న గదిలో పగుళ్ల భయం ఉంది.

ఫినిషింగ్ గురించి. అద్దంలా పాలిష్ చేసిన ఇత్తడి పగలు ధగధగలాడుతుంది, దీపం పెట్టగానే ముక్కు మీద, బుగ్గల మీద, మోకాళ్ల మీద వెలుగు చుక్కలు పడి కళ్లు కనిపించకుండా పోతాయి. ధ్యానానికి మెరుపు తక్కువున్నదే మేలు. ముదురు రంగు గీతల్లో నిలిచి, ఉబ్బెత్తు భాగాల్లో లోహం తేలితే రెప్పలు, పెదవులు ఆ కొద్ది వెలుతురులో కూడా స్పష్టంగా తెలుస్తాయి. నా విగ్రహానికి ఆ ఆలోచనతోనే రంగు వేశారు, కానీ ఛాతీ మీద, పీఠం రేకుల మీద మరీ నల్లగా పూసేశారు, మొదట్లో తుడిచిన గుడ్డకి నలుపు అంటింది. ఇప్పుడు అంటడం లేదు. ఇలాంటి ఫినిషింగ్ ఉన్నదాన్ని పులుపు పెట్టి తోమకూడదు, ఆ రంగంతా పోతుంది. పొడి మెత్తటి గుడ్డ, ఉంగరాల జుట్టు సందుల్లో దుమ్ముకి ఒక మెత్తటి బ్రష్ చాలు. అగరొత్తి విగ్రహానికి సరిగ్గా ముందు కాకుండా పక్కకి, ఒక అడుగు దూరంగా పెడితే గడ్డం కింద మసి పట్టదు.

తల మాత్రమే ఉన్న బుద్ధ విగ్రహాల గురించి నా మాట కటువుగా ఉంటుంది. దయచేసి కొనకండి. ఆ రూపం ఏ సంప్రదాయం నుంచీ పూజ కోసం వచ్చింది కాదు. ఆలయాల్లోని విగ్రహాల తలలు నరికి, మోయడానికి తేలిక కాబట్టి వాటిని అమ్ముకోవడం వల్ల, అవే మ్యూజియాల్లో, సేకరణల్లో కనిపించి, చివరికి ఒక అలంకార వస్తువు అయిపోయాయి. బోరోబుదూర్‌లో మొదట ఉన్న 504 బుద్ధ విగ్రహాల్లో మూడు వందలకు పైగా దెబ్బతిన్నవే, వాటిలో ఎక్కువ వాటికి తల లేదు, 43 అసలే కనిపించవు. థాయిలాండ్‌లో 1767లో ధ్వంసమైన అయుత్థయ నగరంలో తలలు లేని బుద్ధుల వరసలు ఇప్పటికీ ఉన్నాయి. అవి చూశాక ఒక తలని తెచ్చి బల్ల మీద పెట్టుకుని ప్రశాంతత కోసం చూడటం నా వల్ల కాదు. అలాగే నిజమైన పురాతన విగ్రహం అని ఎవరైనా అమ్మజూపితే పత్రాలు అడగండి. భారతదేశంలో 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పం పురావస్తువు కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకి పంపడం కుదరదు. థాయిలాండ్ నుంచి బుద్ధ విగ్రహం బయటికి తేవాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. కొత్తగా చేసిన విగ్రహమే కొనుక్కోవడం అన్నివిధాలా మేలు, చేసినవాళ్లకి కూడా పని దొరుకుతుంది.

పీఠం అడుగు నా విగ్రహంలో తెరిచే ఉంది, అంచులు సమంగా సాన పట్టలేదు, అందుకే నున్నటి బల్ల మీద ఒక మూల కొంచెం ఊగింది, చెక్క మీద గీత కూడా పడింది. మందపాటి ఫెల్ట్ గుడ్డ కత్తిరించి అతికిస్తే రెండు సమస్యలూ తీరిపోయాయి. ఇంత బరువైన వస్తువుకి ఆ చిన్న పని అమ్మేవాళ్లే చేసి పంపాల్సింది. నేపాల్, టిబెట్ సంప్రదాయంలో ఈ అడుగు ఖాళీని చాలా పవిత్రంగా చూస్తారు: మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, సుగంధ ద్రవ్యాలు, కొన్నిసార్లు ధాతువులు (మహనీయుల అవశేషాలు) లోపల పెట్టి, విశ్వవజ్రం (అడ్డంగా కలిసిన రెండు వజ్రాయుధాల గుర్తు) చెక్కిన రాగి రేకుతో మూసేస్తారు. అలా మూసి ఉన్న విగ్రహం మీ చేతికి వస్తే లోపల ఏముందో అని ఆ రేకు ఊడదీయకండి. కళ్లు తెరిపించే క్రతువు కూడా చాలా దేశాల్లో ఉంది. జపాన్‌లోని నారాలో తోదైజి మహాబుద్ధుడికి 752లో కళ్లు దిద్దింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. మీది పూజా సంప్రదాయమైతే మీ గురువులని అడిగి ఆ క్రతువు చేయించుకోండి. కేవలం ధ్యానానికి ఆలంబనగా పెట్టుకునేవాళ్లు శుభ్రమైన చోటు, గౌరవం, క్రమం తప్పకుండా కూర్చోవడం చూసుకుంటే చాలని నేను అనుకుంటాను. విగ్రహమే వద్దనుకునేవాళ్లకి ధర్మచక్రమో, పాదముద్రల పలకో, చిన్న స్తూపమో ఉంది, అవి విగ్రహం కన్నా పాతవి.

ప్యాకింగ్ గురించి ఒక్క ముక్క. మొదట వచ్చిన పీసులో వెనక వైపు ఒక తామర రేకు వంగి ఉంది, పెట్టెలో ఫోమ్ తక్కువైంది. ఫొటో పంపితే వాదించకుండా మార్చి ఇచ్చారు, రెండోది సరిగా వచ్చింది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, బరువైన లోహపు విగ్రహాల్లో వేళ్లు, రేకులు వంగడం మామూలే.

ఇదే మోడల్ గానీ ఇంకోటి గానీ ఆర్డర్ చేసే ముందు అమ్మేవాళ్లకి మెసేజ్ పెట్టి మూడు ఫొటోలు అడగండి: విగ్రహాన్ని బల్ల మీద పెట్టి, కెమెరాని పీఠం ఎత్తుకి దించి, నాలుగడుగుల దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా తీసింది ఒకటి, ముఖం పక్క నుంచి ఒకటి, పీఠం అడుగు ఒకటి. నేను అడిగితే మర్నాడే పంపారు. ఆ మొదటి ఫొటోలో కళ్లు కనిపించాయి కాబట్టే ఆర్డర్ పెట్టాను.